పొయ్యి మీద పిల్లి, పొయ్యి కింద కోడి

టర్నిప్ దుంప కథ మీలో చాలామంది వినే ఉంటారు. తాత వేసిన దుంప బాగా ఊరి నేలలో బిగుసుకుపోయింది. తాత లాగితే రాలేదు. అవ్వ వచ్చి తాతను పట్టుకుంది, మనవరాలు అవ్వను పట్టుకుంది, కుక్క మనవరాలిని, పిల్లి కుక్కను. చివరికి ఎలుక కూడా వచ్చి ఓ చెయ్యి వేస్తే గాని దుంప ఊడి రాలేదు. చిన్నప్పుడు ఇది నవ్వించే కథ. ఇప్పుడు చరిత్ర పాఠంలా చదివితే అది ఒక రష్యా పల్లె ఇంటి జనాభా లెక్కలా కనిపిస్తుంది. ఇంట్లో ఎవరెవరు ఉన్నారో అందరూ వరసగా నిలబడ్డారు, రమ్మని పిలవని ఎలుకతో సహా.

ఇలాంటి రష్యా పుస్తకాలు ఒకప్పుడు తెలుగులోనే అచ్చయి మాస్కో నుంచి వచ్చేవి. విశాలాంధ్ర పుస్తకాల షాపుల్లో చవగ్గా దొరికేవి. మాస్కోలో ఉండి రష్యన్ పుస్తకాలను తెలుగు చేసినవాళ్ళలో ఉప్పల లక్ష్మణరావు గారు ఒకరు. ఆయన 1898లో పుట్టింది మన బరంపురంలోనే. మన ఊళ్ళో సంక్రాంతి ముందు చలికి ఓ దుప్పటి, పొద్దున్నే వేడి టీ ఉంటే చాలు. అలాంటి ఊళ్ళో పుట్టినాయన అంత మంచు దేశపు మాటలకు తెలుగు మాటలు ఎలా వెతుక్కున్నారో అని నాకు ఆశ్చర్యం.

నేను రాయబోయేది ఆ కథల గురించి కాదు, వాటి వెనక ఉన్న ఇంటి గురించి. పల్లెలకు కరెంటు రాకముందు, 1800ల నాటి రష్యాలో రైతు ఇల్లు అన్నమాట. దాన్ని ఇజ్బా అంటారు. దేవదారు జాతి చెట్ల దుంగలు ఒకదానిమీద ఒకటి పేర్చి, సందుల్లో ఎండిన నాచు కుక్కి కట్టేవారు. చాలా ఇళ్ళల్లో ఉండేది ఒక్కటే వెచ్చటి గది. ఆ గదిలో నాలుగో వంతో ఐదో వంతో ఒక్క పొయ్యే ఆక్రమించేది. పొయ్యి అంటే మన మూడు రాళ్ళ పొయ్యి అనుకోవద్దు. మట్టితో గాని ఇటుకలతో గాని కట్టిన, మనిషి ఎత్తు గదిలాంటిది. దాన్ని పేచ్ అంటారు. దాని నోట్లో కట్టెలు పేర్చి కాలిస్తే, ఇటుకలు వేడిని మింగి దాచుకుని, రోజంతా కొంచెం కొంచెంగా వదులుతాయి. బయట మైనస్ 20 డిగ్రీల చలి ఉన్నా ముసలివాళ్ళు, పిల్లలు ఆ పొయ్యి పైన చదునుగా ఉన్న చోట పడుకునేవారు. మిగతావాళ్ళకు బల్లలు, కప్పు కింద కట్టిన చెక్క అటక. కొన్ని జిల్లాల్లో స్నానాల గది ఉండేది కాదు. మంట ఆరాక, బూడిద తుడిచి గడ్డి పరిచి, మనుషులు ఆ పొయ్యి లోపలికే పాకి ఒళ్ళు రుద్దుకునేవారు! ఇది మా క్లాసులో చెబితే ఎవరూ నమ్మలేదు. కాని నిజం.

పొయ్యి వెలిగించడం ఇంటి పెద్దకోడలి పనో, అత్తగారి పనో. అందరికంటే ముందు, చీకటితోనే లేవాలి. పొయ్యి ముందున్న మూల ఆడవాళ్ళ మూల, మగవాళ్ళు ఊరికే అటు వెళ్ళేవారు కాదు. బర్చి కట్టెలు పూర్తిగా కాలాక నిప్పులు పక్కకు తోసి, పొగగొట్టానికి ఉన్న మూత వెయ్యాలి. ఈ మూత సంగతి కొంచెం చెప్పాలి. ఆలస్యంగా వేస్తే వేడంతా గొట్టంలోంచి ఆకాశానికి పోతుంది, రాత్రికి ఇల్లు గడ్డకడుతుంది. తొందరపడి వేస్తే, నిప్పుల మీద ఇంకా నీలం మంటలు ఆడుతుంటే, విషవాయువు గదిలో నిండుతుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. నిద్రలోనే ఇంటిల్లిపాదీ పోయిన ఇళ్ళు ఉన్నాయి. థర్మామీటరు లేదు, గడియారం లేదు. ఒక ఆడమనిషి కంటిచూపు మీద ఇంటి ప్రాణాలన్నీ ఆధారపడి ఉండేవి, అదీ శీతాకాలంలో ప్రతిరోజూ.

బీద ఇళ్ళల్లో అసలు పొగగొట్టమే ఉండేది కాదు. పొగ గదిలోకే వచ్చి, తలుపులోంచీ చిన్న కిటికీలోంచీ బయటికి పోవాలి. వెలిగించినంతసేపూ తలుపు తెరిచి ఉంచాలి కాబట్టి కింద చలి, పైన పొగ. గోడల పైభాగం నల్లగా మెరిసేది. కట్టెలు తక్కువ ఖర్చవుతాయని, దుంగలు పుచ్చవని ఆ పద్ధతిలోనూ లాభం చూసుకున్నారు. కళ్ళ మంటల లెక్క మాత్రం ఎవరూ రాసిపెట్టినట్టు లేదు.

ఇక రొట్టె. గోధుమ రొట్టె పండగలకి. రోజూ తినేది రై అనే ధాన్యంతో చేసిన నల్లటి, పుల్లటి రొట్టె. వారానికి ఒకసారో రెండుసార్లో కాల్చేవారు. పిండి కలిపే చెక్క తొట్టెను ఎప్పుడూ పూర్తిగా కడిగేవారు కాదు. పాత పిండి కొంచెం అడుగున ఉంచేస్తే అదే కొత్త పిండిని పులియబెడుతుంది. మా అమ్మమ్మ పెరుగుకి తోడు కోసం చెంచాడు దాచినట్టే. పొయ్యి వేడి సరిపోయిందా అని చూడడానికి లోపల చిటికెడు పిండి చల్లేవారు. వెంటనే నల్లబడితే ఇంకా ఆగాలి. గోధుమరంగులోకి మెల్లగా తిరిగితే సరే. అప్పుడు పొడుగు పిడి ఉన్న చెక్క పారమీద పిండి ముద్దను, కొన్నిచోట్ల కింద క్యాబేజీ ఆకు వేసి, లోపలికి నెట్టేవారు. రొట్టె తర్వాత, మిగిలిన వేడిలో క్యాబేజీ పులుసు, జావ. వాటి తర్వాత ఇంకా మిగిలిన గోరువెచ్చదనంలో పుట్టగొడుగులు, అడవి పళ్ళు ఎండబెట్టుకునేవారు. ఒక్క మంటను ఆఖరి సెగ దాకా వాడుకున్నారు.

ఆ చెక్క పార మీద రొట్టెలే కాదు, పిల్లలు కూడా వెళ్ళేవారు. భయపడకండి. నెలలు నిండకుండా పుట్టిన, బలం లేని పసిబిడ్డకు రై పిండి పట్టించి, పార మీద పెట్టి, చల్లారిన పొయ్యిలోకి మూడుసార్లు పెట్టి తీసే ఆచారం చాలాచోట్ల ఉండేది. కడుపులో సరిగ్గా ఉడకని బిడ్డను మళ్ళీ కాల్చి గట్టిపరచడం అని వాళ్ళ నమ్మకం. బాబా యగా అనే మంత్రగత్తె పిల్లల్ని పార మీద పెట్టి పొయ్యిలోకి తోయబోయే కథకు ఈ ఆచారానికీ సంబంధం ఉందని పండితులు అంటారు. కథలో అది భయం, ఇంట్లో అది వైద్యం. పసిపిల్లలు చలికాలం దాటడం ఎంత కష్టమో ఈ ఆచారమే చెబుతోంది.

ఇప్పుడు జంతువుల సంగతి. పొయ్యి అడుగున ఒక ఖాళీ అర ఉండేది. శీతాకాలమంతా కోళ్ళు అందులోనే. గట్టి చలిలో ఈనితే దూడనూ, గొర్రెపిల్లల్నీ గదిలోకే తెచ్చేవారు. పొయ్యి పైన తాత, కింద కోళ్ళు, పక్కన దూడ, మధ్యలో ఊయలలో బిడ్డ. వాసన ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఇది ముద్దు కోసం చేసిన పని కాదు. దూడ చస్తే వచ్చే ఏడు పాలు లేవు, పేడ లేదు, పొలానికి ఎరువు లేదు.

పిల్లికి మాత్రం పొయ్యి మీద రాచపీట. కుక్క ఎంత నమ్మకమైనదైనా వాకిట్లోనే. దేవుడి పటాలు ఉన్న గదిలోకి కుక్క రాకూడదని ఆచారం, పిల్లికి ఆ నియమం లేదు. కొత్త ఇంట్లోకి ముందుగా పిల్లినే వదిలేవారు. పొయ్యి వెనక దమవోయ్ అనే ఇంటి కాపరి ముసలాయన ఉంటాడనీ, పిల్లి అంటే ఆయనకు ఇష్టమనీ నమ్మకం. మధ్యయుగాల నాటి ఒక రష్యా చర్చి న్యాయ గ్రంథంలో ఏ జంతువు పోతే ఎంత కట్టాలో పట్టిక ఉంది. బాతుకి 30 కూనాలు, ఆవుకి 40 కూనాలు, ఎద్దుకి 3 గ్రివ్నాలు, పిల్లికి కూడా 3 గ్రివ్నాలు! గ్రివ్నా అంటే కూనా కంటే ఎన్నో రెట్లు పెద్దది. ఆవు కంటే పిల్లి ఖరీదైనది అన్నమాట. (కూనా అంటే మార్టెన్ అనే చిన్న జంతువు తోలు, దాన్నే డబ్బుగా వాడేవారు. మన పిల్లికూనకూ దానికీ చుట్టరికం లేదు.) కుక్కకి కూడా అదే 3 గ్రివ్నాలు. అంత ధర ఎందుకు? గాదెలో రై ఉంది, గాదె చుట్టూ ఎలుకలున్నాయి. మంచు కరిగి, కొత్త పంట చేతికొచ్చే దాకా ఉన్నదంతా ఆ గాదెలోదే.

శీతాకాలం అంటే వాళ్ళకు ఈ లెక్కే. 1861లో రైతులకు బానిసత్వం నుంచి విడుదల ఇచ్చారు గాని, ఇచ్చిన భూమికి ఏళ్ళ తరబడి వాయిదాలు కట్టమన్నారు. పన్నుల కోసం పంట రాగానే ధాన్యం అమ్మెయ్యాలి. మిగిలింది వసంతం దాకా రావాలి. సాయంత్రాలు సన్నటి చెక్క పుల్ల వెలిగించి ఆ వెలుగులో ఆడవాళ్ళు నార వడికేవారు, మగవాళ్ళు చెట్టు పట్టతో చెప్పులు అల్లేవారు, పాటలూ కథలూ సాగేవి. అవి విన్నవాళ్ళ కడుపులు ఎప్పుడూ నిండి ఉన్నాయని అనుకోకూడదు. కొలబోక్ అనే రొట్టె ముద్ద కథలో అవ్వ ఏం చేస్తుంది? పిండి డబ్బా అడుగు గీకి, గాదె నేల ఊడ్చి, రెండు గుప్పిళ్ళ పిండి పోగుచేస్తుంది. అఫనాస్యేవ్ అనే ఆయన 1855 నుంచి 1863 వరకు అచ్చువేసిన జానపద కథల్లో ఇదీ ఉంది. రొట్టె ముద్ద పాడుతూ దొర్లిపోతుంటే మనం నవ్వుతాం, కాని అది ఆ ఇంట్లో ఆఖరి పిండి.

1891లో పంట పోయింది. వోల్గా నది ప్రాంతంలో, మధ్య రష్యాలో కరువు. పిండిలో లెబెదా అనే కలుపు మొక్క గింజలు కలిపి రొట్టె చేశారు. మన చక్రవర్తి కూర, ఒడియావాళ్ళ బథువా శాగ ఆ జాతిదే. ఆకుకూరగా మంచిదే గాని, దాని గింజల రొట్టె చేదు, కడుపులో ఇమడదు. రచయిత లియో టాల్‌స్టాయ్ ర్యాజాన్ ప్రాంతంలోని బేగిచెవ్కా గ్రామంలో ఉండి, కుటుంబంతో కలిసి ఉచిత భోజనశాలలు నడిపారు. ఇలాంటి కరువుల్లో రైతులు ఇంటి కప్పు మీది గడ్డి పీకి పశువులకు వేసేవారు. కప్పు పోయినా ఫరవాలేదు, గుర్రం బతకాలి, లేకపోతే వసంతంలో దున్నేదెవరు?

ఈ కథల మీద నాకొక ఫిర్యాదు ఉంది. యెమేల్యా పొయ్యి మీద పడుకుని, దానిమీదే ఊరేగుతూ రాజుగారి దగ్గరికి వెళ్తాడు. వీరుడు ఇల్యా మూరోమెత్స్ 33 ఏళ్ళు పొయ్యి మీదే కూర్చున్నాడని చెబుతారు. 33 ఏళ్ళు తెల్లవారుజామున లేచి ఆ పొయ్యి వెలిగించిందెవరో ఎవరూ పాడలేదు.

రెండో ప్రపంచయుద్ధంలో 1941 నుంచి జర్మన్ సైన్యం రష్యా, బెలారస్ పల్లెల్ని వందలుగా తగలబెట్టింది. దుంగల గోడలు బూడిదయ్యాయి, ఇటుక పొయ్యిలు మిగిలాయి. ఆనాటి ఫొటోల్లో మంచులో వరసగా నిలబడ్డ పొయ్యిలూ పొగగొట్టాలూ కనిపిస్తాయి. తిరిగొచ్చినవాళ్ళు కప్పు లేకుండానే వాటిమీద వండుకున్నారు. కొన్ని ఊళ్ళకు తిరిగి రావడానికి మనుషులే మిగల్లేదు. బెలారస్‌లోని ఖతిన్ గ్రామంలో 1943 మార్చి 22న 149 మందిని చంపారు, వాళ్ళలో 75 మంది పిల్లలు. అక్కడ 1969లో కట్టిన స్మారకంలో, కాలిపోయిన 26 ఇళ్ళున్న చోట్ల 26 పొగగొట్టాల ఆకారాలు నిలబెట్టారు. ఒక్కోదానికి ఒక గంట ఉంది. ప్రతి 30 సెకన్లకూ అవి మోగుతాయి.