మైదానపు ప్రక్కన నిలుచు విద్య

మన సంఘ కుటుంబముల బిడ్డలు అనేకులు నేడు అమెరికాలో చదువుచున్నారు. అయినను అచ్చటి కమ్యూనిటీ కాలేజీలను గూర్చి, వానిలో పలువురు మొదలుపెట్టు అథ్లెటిక్ ట్రైనింగ్ చదువును గూర్చి మనలో మాటలాడువారు అరుదు. ఆ పేరు వినగానే మనకు డ్రిల్లు మాస్టరు గుర్తుకు వచ్చును. ఆయన పని వేరు. ఆటగాండ్రకు దెబ్బలు తగులకుండ చూచుట, తగిలినచో వెంటనే చికిత్స చేయుట, మరల ఆడుటకు బలము వచ్చువరకు వ్యాయామము చేయించుట ట్రైనరు పని.

ఈ కాలేజీల పుట్టుకలో ఒక హెబ్రీ పండితుని చేయి ఉన్నది. షికాగో విశ్వవిద్యాలయపు మొదటి అధ్యక్షుడు విలియం రెయినీ హార్పర్ పాత నిబంధన బోధకుడు. ఆ విశ్వవిద్యాలయము బాప్టిస్టుల పూనికతో, రాక్‌ఫెల్లరు ధనముతో వెలసినది. (నెల్లూరు, ఒంగోలు సీమలలో సేవ చేసినవారును అమెరికా బాప్టిస్టులే గదా!) హార్పరును, హైస్కూలు అధిపతి జె. స్టాన్లీ బ్రౌనును కలిసి యోచింపగా, 1901లో ఇలినాయి రాష్ట్రమందలి జోలియట్‌లో ఆరుగురు విద్యార్థులతో జూనియర్ కాలేజీ మొదలైనది. ఇల్లు విడువకుండ, తక్కువ ఫీజుతో రెండేండ్లు చదివి, పిదప విశ్వవిద్యాలయమునకు పోవచ్చును. కమ్యూనిటీ కాలేజీ అను పేరు తరువాత వాడుకలోనికి వచ్చినది.

తొలినాళ్లలో ట్రైనరుకు పట్టా లేదు. పెద్దవాని ప్రక్క నిలిచి నేర్చుకొన్నదే చదువు. 1950లో కాన్సాస్ సిటీలో వారి జాతీయ సంఘము ఏర్పడినది. 1970లో అర్హతా పరీక్ష వచ్చినది. 1990లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ దానిని ఆరోగ్య వృత్తిగా గుర్తించినది.

కమ్యూనిటీ కాలేజీ విద్యార్థి పగలు శరీర నిర్మాణ శాస్త్రము, ప్రథమ చికిత్స చదివి, సాయంకాలము జట్టు వెంట ఉండి చీలమండలకు పట్టీలు చుట్టుట నేర్చును. ఆటలో శ్రమపడి వడదెబ్బతో కూలినవానిని ముందు చల్లని నీటి తొట్టిలో ముంచి, ఒళ్లు చల్లారిన తరువాతనే ఆసుపత్రికి పంపవలెనని ఈ వృత్తివారు గట్టిగా బోధింతురు. మే నెల ఎండలో పిల్లలను పరుగెత్తించు మనకు ఈ ఒక్క పాఠమైనను అవసరము.

అయితే దారి పొడుగైనది. 2004తో ఇంటర్న్‌షిప్ అను చేతిపని అనుభవము ద్వారా పరీక్షకు పోవు మార్గము మూతపడినది. వృత్తిలో ప్రవేశమునకు మాస్టర్స్ పట్టా ఉండవలెనని 2015లో నిర్ణయించిరి. 2022 తరువాత బ్యాచిలర్స్ స్థాయి వృత్తి కోర్సులలో క్రొత్తవారిని చేర్చుకొనుట ఆగినది. రెండేండ్ల చదువు వెనుక ఇప్పుడు మరి నాలుగేండ్లు నిలిచియున్నవి. ప్రాణముతో పనిగల వృత్తికి పై చదువు తగదని మేము అనము. కాని ఎవరి కొరకు ఆ తలుపు తెరువబడినదో, ఆ పేద విద్యార్థి భుజము మీదనే ఈ బరువు ఎక్కువగా పడినది.

మొదటి రెండేండ్ల ఖర్చు తగ్గించుకొను వీలు నేటికిని ఉన్నది. బిడ్డను చేర్చు తల్లిదండ్రులు ఆ కాలేజీ పాఠములను ఏ విశ్వవిద్యాలయము లెక్కలోనికి తీసికొనునో చేరకముందే వ్రాతమూలముగా అడిగి తెలిసికొనవలెను.