బీచి నుండి తాంబరం వరకు

బెజవాడ వైపు నుండి వచ్చి మద్రాసు సెంట్రల్‌లో దిగిన తెలుగువారు నగరపు దక్షిణ భాగానికి రైలులో పోవలెనన్న, రోడ్డు దాటి పార్కు స్టేషనులో మరొక బండి ఎక్కవలసి వచ్చేది. సెంట్రల్‌కు వచ్చే మార్గం బ్రాడ్‌గేజి. పార్కు మీదుగా పోయేది సౌత్ ఇండియన్ రైల్వే వారి మీటరుగేజి.

బీచి స్టేషను నుండి తాంబరం వరకు గల సుమారు 29 కిలోమీటర్ల ఈ మార్గంలో 1931 ఏప్రిల్ 2న గవర్నరు సర్ జార్జి ఫ్రెడరిక్ స్టాన్లీ విద్యుత్ రైలును ప్రారంభించినారు. మే 11 నుండి ప్రయాణికుల బండ్లు నడిచినవి. బొంబాయిలో 1925లోనే విద్యుత్ రైలు వచ్చినను, మీటరుగేజిపై మన దేశంలో ఇదియే మొదటిది. బొగ్గుకు, నీటికి ఆగవలసిన పని లేదు. రెండు కొసలా నడిపే గది ఉండుటచే, ఇంజను మార్చకుండ, వచ్చిన బండి వచ్చినట్లే తిరిగి పోగలదు. దూరాన ఇల్లు కట్టుకొని నగరంలో ఉద్యోగం చేయుట సామాన్యునకు సాధ్యమైనది ఇందువలననే.

ఎగ్మోరు, నుంగంబాకం దాటిన పిదప కోడంబాకం. సినిమా స్టూడియోలకు పోయే దారిలో రైల్వే గేటు పడితే ఎంతటి నటుడైనను ఆగవలసినదే. పై వంతెన వచ్చిన తరువాతనే ఆ నిరీక్షణ తీరినది. తరువాతిది మాంబళం. 1920లలో అక్కడి చెరువు నేలపై వెలసిన త్యాగరాయనగరం పిట్టి త్యాగరాయ శెట్టి పేరున, దాని నడుమనున్న పార్కు పానగల్లు రాజా పేరున ఏర్పడినవి. ఇరువురూ తెలుగువారే. నేడు రంగనాథన్ వీథి జనసందోహంలో ఈ సంగతి తలచేవారు అరుదు.

సైదాపేట, గిండీ, పల్లావరం గడచిన తరువాత క్రోంపేట. తోళ్లను క్రోముతో పదును చేసే కర్మాగారం వలన వచ్చిన పేరిది. 1928లో నెలకొన్న క్షయ చికిత్సాలయం శానటోరియం స్టేషనుకు పేరిచ్చినది. 1937లో క్రిస్టియన్ కళాశాల తాంబరానికి తరలినది.

1953లో ఆంధ్ర రాష్ట్రం వేరుపడినను, ఎందరో తెలుగువారు మద్రాసును వీడలేదు. రాజధాని కర్నూలుకు పోయినది. వారి బడులు, ఇండ్లు, ఉద్యోగాలు ఇచ్చటనే మిగిలినవి. రాష్ట్రాల హద్దులు మారినను, వారి దినచర్యకు ఈ బండి వేళలే కొలమానమైనవి.

1967లో విద్యుత్తు 1500 వోల్టుల డి.సి. నుండి 25,000 వోల్టుల ఎ.సి.కి మారినది. పట్టాల మార్పు చాల ఆలస్యముగా జరిగినది. 2004లో మీటరుగేజి విద్యుత్ బండ్లు నిలిచిపోయి, బ్రాడ్‌గేజి బండ్లు ఆ స్థానాన్ని పూర్తిగా ఆక్రమించినవి.