నీళ్లు కలిపితేనే పదునెక్కిన స్పిరిట్

సంజీవని పర్వతాన్ని మోసుకెళ్తున్న హనుమంతుడి చేతిలోంచి ఓ ముక్క విరిగి ముత్యంపేట దగ్గర పడిందనీ, అదే కొండగట్టయిందనీ స్థలపురాణం. ఏ మొక్క కావాలో తేలకపోతే కొండకు కొండనే పెకలించుకొచ్చిన మొనగాడాయన. సూది వేసే ముందు నర్సమ్మ దూదితో రుద్దే స్పిరిట్ కథలో అంత వేగం కనిపించదు. అది క్రిములను చంపుతుందా లేదా అన్న తగవు తీరడానికే ఏళ్లు పట్టింది.

నిజానికి స్పిరిట్‌కు తోబుట్టువైన సారా కాచడం మనవాళ్లకు కొత్త విద్యేం కాదు. కొండగట్టు నుంచి ఉత్తరానికి వెళ్లి గోదావరి దాటితే ఆదిలాబాద్ అడవులు. అక్కడి గోండు గూడేల్లో ఎండిన ఇప్పపూలను నానబెట్టి, పులియబెట్టి, కాచి, ఆవిరిని చల్లార్చి పట్టడం తరతరాలుగా ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి తెల్లదొరల కన్ను కూడా ఈ ఇప్పచెట్టు మీద పడింది. టన్ను పూలకు 95 శాతం ఆల్కహాల్ సుమారు 90 గ్యాలన్లు వస్తుందనీ, నిజాం రాజ్యంలోని చెట్లతో స్థానిక అవసరాలు పోను ఏటా 7 లక్షల గ్యాలన్ల ప్రూఫ్ స్పిరిట్ తీయవచ్చనీ లెక్కలు కట్టారు. వాళ్ల ఆలోచన మోటార్లు నడపడం గురించి. అదే ద్రవం చేతి మీది క్రిమిని ఏం చేస్తుందన్న ప్రశ్న అప్పటికే జర్మనీలో ఒకరి తర్వాత ఒకరిని ముప్పుతిప్పలు పెట్టింది.

మొదట దెబ్బతిన్నవాడు సామాన్యుడు కాదు, సూక్ష్మజీవి శాస్త్రవేత్త రాబర్ట్ కోఖ్. 1881లో ఆయన క్రిమిసంహారకాలన్నిటినీ వరసపెట్టి పరీక్షించాడు. పట్టుదారాలకు ఆంత్రాక్స్ క్రిమి సిద్ధబీజాలను (స్పోర్లను) అంటించి ఆల్కహాల్‌లో నానబెట్టాడు. నెలల తరబడి నానినా అవి చావలేదు. బయటికి తీసి ఆహారం చూపిస్తే హాయిగా మొలకెత్తాయి. కోఖ్ మాటంటే ఆ రోజుల్లో శిలాశాసనం. ఆల్కహాల్ పనికిరాదన్న ముద్ర పడిపోయింది. పరీక్షలో తప్పేమీ లేదు. కాకపోతే సృష్టిలోకెల్లా మొండి ఘటాన్ని ఎంచుకుని, దాని తీర్పును అందరికీ వర్తింపజేశారు.

ఆ తర్వాత కాలం కలిసొచ్చింది. 1888లో బెర్లిన్ వైద్యుడు ఫ్యూర్‌బ్రింగర్ శస్త్రచికిత్సకు ముందు చేతులను సబ్బుతో తోమి, ఆల్కహాల్‌తో రుద్ది, ఆపైన పాదరసపు మందులో ముంచాలన్నాడు. ఆయన లెక్కలో ఆల్కహాల్‌ది పనివాడి పాత్ర మాత్రమే. చర్మం మీది జిడ్డు వదిలిస్తే అసలు మందు లోపలికి దిగుతుందని నమ్మాడు. 1894లో రైనికే ఆ మెట్లను విడివిడిగా పరీక్షించి చూస్తే ఘనకార్యమంతా పనివాడిదేనని తేలింది.

అసలు చిక్కుముడి 1897లో ఎదురైంది. నీటిచుక్క లేని శుద్ధ ఆల్కహాల్ ఎండిన క్రిములను ఏమీ చేయలేకపోతోందనీ, సగానికి సగం నీళ్లు కలిపింది మాత్రం చంపుతోందనీ ఎప్‌స్టైన్ ప్రకటించాడు. పాలలో నీళ్లు కలిపితే చిక్కదనం పోతుందని తెలిసిన లోకానికి ఇది మింగుడుపడే మాటేనా! ఒకరు 50 శాతమన్నారు, మరొకరు 70 అన్నారు, ఇంకొకరు చిక్కటిదే మేలన్నారు. విచిత్రమేమిటంటే ఎవరి ప్రయోగం వారికి నిజంగానే అలా వచ్చింది.

ముడి విప్పింది 1903లో బోస్టన్‌కు చెందిన హారింగ్టన్, వాకర్. తగవంతా ఆల్కహాల్‌లో లేదు, క్రిమి తడిగా ఉందా పొడిగా ఉందా అన్నదాంట్లో ఉందని వాళ్లు పసిగట్టారు. తడి క్రిములైతే 40 శాతం దాటిన ఏ ఆల్కహాల్‌కైనా అయిదు నిమిషాల్లో లొంగిపోయాయి. ఎండినవి మాత్రం చిక్కటి ఆల్కహాల్‌ను గోడలా అడ్డుకున్నాయి. 60 నుంచి 70 శాతం ఉన్నదైతే, అందులోని నీటిని ఎండిన క్రిమి పీల్చుకుంటుంది, ఆ నీటి వెంటే ఆల్కహాల్ లోపలికి జొరబడుతుంది. ప్రొటీన్లు విరిగిపోవడానికీ నీరు కావాలన్న వివరణ తర్వాత తోడైంది. 1911లో బేయర్ తూకం ప్రకారం 70 శాతాన్ని ఖాయం చేశాడు. ఒక్కసారి కాచిన ఇప్పసారా సాధారణంగా ఆ దరిదాపుకు రాదు కాబట్టి, గాయం మీద పోయడానికి దాన్ని నమ్ముకోలేం.

ఈలోగా పక్క దారిలో ఇంకో ద్రవం పెరుగుతూ వచ్చింది. 1862లో షార్ల్ ఫ్రీడెల్ అసిటోన్‌కు హైడ్రోజన్ తగిలించి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను తయారుచేశాడు. ఇలాంటి ఆల్కహాల్ ఉండి తీరాలని రసాయనవేత్త కోల్బే అంతకుముందే కాగితం మీద ఊహించాడు. చాలాకాలం అది ప్రయోగశాల ముచ్చటగానే మిగిలింది. 1920లో న్యూజెర్సీ స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ, కార్లటన్ ఎల్లిస్ పద్ధతిలో, చమురుశుద్ధిలో మిగిలే ప్రొపిలీన్ వాయువును ఆమ్లంలో ఇంకించి, నీళ్లు కలిపి, దీన్ని పీపాలకొద్దీ తీసింది. పెట్రోలియం నుంచి వ్యాపారానికి తీసిన తొలి రసాయనంగా దాన్నే చెబుతారు. సరిగ్గా ఆ ఏడాదే అమెరికాలో మద్యనిషేధం మొదలైంది. తాగితే విషం, రుద్దుకుంటే మందు: అలాంటి సరుకుకు అంతకంటే మంచి ముహూర్తం దొరుకుతుందా? తాగినవాడి కాలేయం దాన్ని తిరిగి అసిటోన్‌గా మారుస్తుంది, ఫ్రీడెల్ నడిచిన దారిలోనే వెనక్కి. చాలా బ్యాక్టీరియా మీద ఇది మామూలు ఆల్కహాల్ (ఇథనాల్) కంటే కాస్త చురుకు. పోలియోలాంటి కొవ్వుపొర లేని వైరస్‌ల దగ్గర మాత్రం తడబడుతుందని 1963లో క్లైన్, డిఫారెస్ట్ చూపారు.

ఇంత తెలిసినా ఆస్పత్రుల్లో చేతులు అలాగే ఉండిపోయాయి. జెనీవాలో డిడియే పిటే 1994 నుంచి 1997 దాకా మంచం మంచానికీ ఆల్కహాల్ సీసా అందుబాటులో పెట్టించాడు. చేతుల శుభ్రత పాటించడం 48 శాతం నుంచి 66కు పెరిగితే, ఆస్పత్రిలో అంటుకునే రోగాలు 16.9 నుంచి 9.9 శాతానికి దిగాయి. ఆ అనుభవమే ప్రపంచ ఆరోగ్య సంస్థ శానిటైజర్ సూత్రానికి పునాది: ఇథనాల్ అయితే 80 శాతం, ఐసోప్రొపైల్ అయితే 75, కొంచెం గ్లిజరిన్. 2020లో కరోనా కమ్ముకున్నప్పుడు హైదరాబాద్ తార్నాకలోని ఐఐసీటీ శాస్త్రవేత్తలు కూడా శానిటైజర్ తయారీకి పూనుకున్నారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రంలో హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా 0.125 శాతం ఉంటుంది. అది చేతులకోసం కాదు. సీసాలోకీ నీళ్లలోకీ చొరబడిన సిద్ధబీజాలు ఆల్కహాల్‌కు నేటికీ చావవు కాబట్టి, వాటికోసం. కలిపిన సీసాలను 72 గంటలపాటు కదపకుండా పక్కన పెట్టేదీ ఆ పెరాక్సైడ్ తన పని ముగించుకోవడానికే.