గాలి మీద తేలే కారు

లగ్జరీ కారు కొంటున్న మా బావ "ఎయిర్ సస్పెన్షన్ తీసుకోనా, డబ్బు దండగా?" అని అడిగాడు. దోమ దారిలో గతుకులు అత్తమ్మ నడుముకి తెలియకూడదని ఆయన ఆశ.

కాస్త చరిత్ర చెప్పాను. 1957లో కాడిలాక్ ఎల్డొరాడో బ్రోమ్ గాలి స్ప్రింగులతో వచ్చింది. ధర 13,074 డాలర్లు! తీరా గాలి లీకై, చాలామంది ఓనర్లు మళ్ళీ ఉక్కు స్ప్రింగులే వేయించుకున్నారు. 1984 లింకన్ మార్క్ సెవెన్‌లో ఇదే కంప్యూటరూ, సెన్సర్లతో తిరిగొచ్చింది. కోడు మారినా రబ్బరు రబ్బరే కదా, ఏళ్ళు గడిస్తే పగులుతుంది.

తాండూరు నాపరాళ్ళ లారీకి కమాన్ పట్టీ విరిగితే రోడ్డు పక్కనే బాగుచేస్తారు. గాలి తిత్తి పగిలితే హైదరాబాదు పోవాల్సిందే.

"వారం వారం ఊరెళ్ళే బండికి ఉక్కు స్ప్రింగులూ, మందపాటి టైర్లూ చాలు బావా" అన్నాను. అత్తమ్మని నడిదారిలో కూర్చోబెట్టే సుఖం ఎందుకు? మీరేమంటారు?