ఉద్యోగం చేస్తూ పీహెచ్‌డీ: పేచీ అంతా ఎన్‌ఓసీ దగ్గరే

సర్కారు బడుల్లో హెడ్మాస్టర్లుగా, ఎంఈఓలుగా ఉన్న మనవాళ్లు ఉద్యోగం వదలకుండానే విద్యా నాయకత్వం, బడి నిర్వహణ అంశాల మీద పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చేయొచ్చు. 2022 నవంబరులో వచ్చిన యూజీసీ నిబంధనలు ఇందుకు వీలిచ్చాయి. ఢిల్లీలోని నీపాలో విద్యా ప్రణాళిక, పాలన మీద ఇలాంటి కోర్సు ఉంది. దూరవిద్యలోనో ఆన్‌లైన్‌లోనో పీహెచ్‌డీ ఇప్పిస్తామనే వాళ్లను మాత్రం నమ్మొద్దు, అది చెల్లదు.

పీజీలో 55 శాతం మార్కులుండాలి. ఎస్సీ, ఎస్టీలకు 5 శాతం సడలింపు. పూర్తి చేయడానికి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. మళ్లీ నమోదు చేసుకుంటే మరో రెండేళ్లు, మహిళలకు ఆపైన ఇంకో రెండేళ్లు.

అసలు చిక్కు ఎన్‌ఓసీ. పార్ట్‌టైమ్‌గా చదవడానికి అనుమతి ఉందని, పరిశోధనకు సమయం దొరికేలా విధులున్నాయని, అవసరమైతే కోర్సువర్క్ కోసం విధుల నుంచి విడుదల చేస్తామని ఆఫీసు రాసివ్వాలి. ఈ మూడో మాట దగ్గరే ఫైలు ఆగుతుంది. కులం పేరెత్తకుండానే సీటు పోగొట్టే దారి ఇది. అందుకే నోటిమాటగా అడగొద్దంటాం. నోటిఫికేషన్ రాకముందే దరఖాస్తు రాసిచ్చి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకోవాలి. కదలకపోతే ఫైలు ఎవరి బల్ల మీద ఉందో సమాచార హక్కు చట్టం కింద అడగాలి. వివక్షే కారణమని తేలితే ఎస్సీ కమిషన్‌కు ఫిర్యాదు చేయొచ్చు.

ప్రవేశ పరీక్ష ఉన్నచోట ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. మార్కుల వివరాలూ అడిగి తీసుకోండి. ఖర్చు మాత్రం జీతంలోంచే. ఎస్సీలకిచ్చే నేషనల్ ఫెలోషిప్ పూర్తికాలం పరిశోధకులకే.