వంటింటి పొగ, తరగతి గణాంకము

17వ శతాబ్దంలో ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహమను చిన్న గ్రంథమును సంస్కృతంలో రచించినాడు. బాలురు సుఖముగా గ్రహించుటకే ఈ ప్రయత్నమని ఆదిలోనే చెప్పుకొన్నాడు. తరతరాల విద్యార్థులు న్యాయశాస్త్రంలో అడుగుపెట్టినది ఆ వాకిటనే. నేడు బడిపిల్లలకు గణాంకశాస్త్రము బోధించువారికి కూడ అందులో చక్కని పాఠమున్నదని మా అభిప్రాయము.

అన్నంభట్టు ఉదాహరణ వంటింటిలో మొదలవుతుంది. అక్కడ పొగ ఉన్నప్పుడల్లా నిప్పున్నది. పలుమార్లు చూచిన మీదట, పొగ ఉన్నచోటెల్లా నిప్పుండునని తెలుస్తుంది. దీనికే వ్యాప్తి అని పేరు. ఆ పిమ్మట కొండపై పొగ కనిపిస్తే, కొండ యెక్కకుండానే అక్కడ నిప్పున్నదని ఊహించవచ్చును.

మరి, నిప్పున్నచోటెల్లా పొగ ఉండునందామా? ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పున్నది, పొగ లేదు. పొగ రావలెనంటే కట్టెలో తడి ఉండవలెను. మనము గమనింపక విడిచిన ఇట్టి షరతునే తార్కికులు ఉపాధి అన్నారు.

ఈ ఉపాధి వంటిదే నేటి పట్టికలలో అడుగడుగునా దాగియున్నది. ఒక ప్రాథమిక పాఠశాలలో పిల్లలందరి పాదాల కొలతలను, వారు చదువగల మాటల సంఖ్యను పక్కపక్కన వ్రాయించి చూడండి. పెద్ద పాదములవారే బాగుగా చదువుచున్నట్లు తోచును! పాదము చదువు నేర్పినదా? కాదు, వయస్సు రెండింటినీ పెంచినది. ఒకే యీడువారిని వేరుచేసి చూస్తే ఆ సంబంధము చాలవరకు మాసిపోతుంది.

సగటు కట్టుట మాత్రమే నేర్చిన బాలునికి ఈ సందేహము కలుగదు. రేపు పెద్దవాడై, ఫలానా మందు వాడినవారిలో ఎక్కువమంది కోలుకొన్నారన్న ప్రకటన చూచి నమ్ముతాడు. వారికి మొదటినుండి జబ్బు స్వల్పమేమో అని అడుగడు. అందువల్ల ప్రాణానికే ముప్పు రావచ్చును.

అయితే ప్రాచీన తర్కముతోనే పని తీరదు. ఒక్క విరుద్ధ నిదర్శనము దొరికితే వ్యాప్తి కూలిపోతుంది. గణాంకశాస్త్రమో, నూటికి ఎన్ని తప్పినవని లెక్కించి, అనిశ్చయానికే కొలత కడుతుంది. 1931లో కలకత్తాలో మహలనోబిస్ స్థాపించిన భారత గణాంక సంస్థలోను, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితము చదివి అక్కడ చేరిన సి. ఆర్. రావు పరిశోధనలలోను ఆ కొలతకు ఎంతో పదును వచ్చినది.

కనుక పిల్లలను మొదట చూడనివ్వాలి. పిదప మాటను తిప్పి అడగనివ్వాలి, ఉపాధిని వెదకనివ్వాలి. సూత్రము ఆ తరువాత చెప్పినా ఆలస్యము కాదు.