చెయ్యెత్తని వాళ్ళ మాట

మా మహిళా మండలికి ఓ ఏడాది పచ్చళ్ళ అమ్మకం మీద నాలుగు డబ్బులు మిగిలాయి. ఏం చేద్దామో చెప్పమన్నారు అధ్యక్షురాలు. ముప్ఫై మందిమి ఉన్నాం, మాట్లాడింది నలుగురు. ఎప్పుడూ మాట్లాడేదీ ఆ నలుగురే లెండి. “కుట్టుమిషను కొందాం, ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తండి” అన్నారు. మా ఎదురింటి కోడలు పక్కనున్న అత్తగారి చెయ్యి లేచిందో లేదో ఓరకంట చూసుకుని, అప్పుడు తనదీ ఎత్తింది. ఆ మాటకొస్తే నేనూ ఎత్తాను. తీర్మానం ఏకగ్రీవం! ఆ మిషను ఆర్నెల్లపాటు దుప్పటి కప్పుకుని హాయిగా నిద్రపోయింది.

ఈ ఓరచూపు మనతోనే పుట్టిందేమీ కాదు. అన్నీ వదులుకున్న బౌద్ధ భిక్షువులకి కూడా ఇది తప్పలేదు. సంఘంలో తగాదా వచ్చి, ఎంతకీ తెమలకపోతే, పుల్లలు పంచి ఎక్కువమంది మాట ఏదో తేల్చమని వినయపిటకంలో ఉంది. ఆ పుల్లల్నే శలాకలన్నారు. పంచే భిక్షువుకి పక్షపాతం, ద్వేషం, తెలివితక్కువతనం, భయం ఉండకూడదు. ఎవరు తీసుకున్నారో ఎవరు తీసుకోలేదో తెలిసుండాలి. (మన సంఘాల్లో ఇలాంటి మనిషి కోసం వెతకబోతే సమావేశం వచ్చే ఏడాదికి వాయిదా పడుతుంది!)

పంచే పద్ధతులు మూడు. ఒకటి గుట్టుగా: ఈ పక్షానికి ఓ రంగు పుల్ల, ఆ పక్షానికి ఇంకో రంగు పుల్ల. ఒక్కొక్కరి దగ్గరికే వెళ్ళి “నీకిష్టమైంది తీసుకో, ఎవరికీ చూపించకు” అనాలి. రెండోది చెవిలో చెప్పి పంచడం. మూడోది అందరి ఎదుటా బాహాటంగా. ధర్మం చెప్పేవాళ్ళే ఎక్కువని ముందే తెలిస్తేనే బాహాటంగా పంచమన్నారు. ఇంతకీ తమాషా ఏమిటంటే, గుట్టుగా పంచినప్పుడు అధర్మం వైపు పుల్లలు ఎక్కువ వస్తే, పంచడం సరిగా జరగలేదని ఆ లెక్క కొట్టేయవచ్చట! ఇది చదివి మావారు, “మీ మండలిలో ఇప్పటికీ ఆ పద్ధతేగా” అన్నారు. నేను విననట్టు ఊరుకున్నాను.

పుల్లలు పోయి కాగితాలు రావడానికి చాలా కాలం పట్టింది. అమెరికాలో ప్రకటనల కంపెనీ నడిపిన అలెక్స్ ఆస్‌బర్న్ అనే పెద్దమనిషి 1953లో ఓ పుస్తకం రాశాడు. పదిమందీ కూర్చుని, ఎవరి మాటా తప్పు పట్టకుండా, నోటికొచ్చిన ఆలోచనల్లా చెప్పేస్తే మంచివి అవే బయటికొస్తాయన్నాడు. ఆఫీసులవాళ్ళు ఎగబడ్డారు. 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో పరీక్షించి చూస్తే సంగతి తిరగబడింది. నలుగురు కలిసి కూర్చుని చెప్పిన వాటికంటే, నలుగురు విడివిడిగా ఆలోచించి చెప్పినవి ఒకచోట చేర్చితే దాదాపు రెట్టింపు ఆలోచనలు తేలాయి. తప్పు పట్టొద్దని నోటికి చెప్పగలం గాని, పక్కవాళ్ళ కళ్ళకి ఎవరు చెప్పగలరు?

అప్పుడు డెల్బెక్, వాన్ డి వెన్ అనే ఇద్దరు 1971లో ఇంకో దారి చూపించారు. ముందు అందరూ నోరు మెదపకుండా ఎవరి కాగితం మీద వాళ్ళు రాసుకోవాలి. తరవాత వరసగా తలా ఒక్కటి చెబుతుంటే గోడమీది పెద్ద కాగితం మీదికి ఎక్కించాలి. అర్థం కానివి అడిగి తెలుసుకోవాలి. చివర్న ఎవరి ఓటు వాళ్ళు గుట్టుగా చీటీ మీద రాసివ్వాలి.

మరుసటి ఏడాది ఇదే మా మండలిలో పెట్టిస్తే బావుంటుందనిపించింది. హాల్లో నాలుగు గోడలకీ నాలుగు డ్రాయింగు షీట్లు అంటించాం, ఒక్క మూల అందరూ తోసుకోకుండా. చీటీలన్నీ ఒకే సైజు, పెన్నులన్నీ ఒకే రంగు. నోటితో చెప్పించకుండా చీటీలు పోగుచేసి, ఒక్కరి చేతే షీట్లమీద రాయించాం, దస్తూరీ చూసి మనిషిని పోల్చకుండా. పది నిమిషాలు మాట్లాడకూడదంటే మాత్రం మావాళ్ళకి ప్రాణం మీదికొచ్చింది.

ఓట్లకి బొట్టుబిళ్ళలు అంటిద్దామంది కార్యదర్శి. చూడ్డానికి ముచ్చటే. కాని ఒకదాని పక్కన పది బిళ్ళలు కనబడితే పదకొండోది ఎక్కడికి పోతుందో వేరే చెప్పాలా? ఇది బాహాటంగా పంచిన శలాకే. వద్దని, నంబర్లు రాసిన చీటీలు బిస్కట్ల డబ్బాలో వేయించాం.

అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చింది మా సందు చివర ఓ దీపం పెట్టించాలన్నదానికి. ముందటేడు ఆ ఊసే ఎవరూ ఎత్తలేదు. రాత్రి డ్యూటీ నుంచి, ట్యూషన్ల నుంచి ఆడపిల్లలు ఆ చీకట్లోంచే వస్తున్నారని అందరికీ తెలుసు. అధ్యక్షురాలి ఇల్లు మాత్రం మెయిన్ రోడ్డు మీద. కుట్టుమిషను పెట్టిన పెద్దావిడ మొహం కాస్త చిన్నబోయింది గాని, ఎవరి మీద కోపగించుకోవాలో ఆవిడకి తెలీలేదు.

దీపం మాట రాసిందెవరో ఇప్పటికీ బయటపడలేదు. ఎదురింటి కోడలు మాత్రం సాయంత్రం పూట కూరలబండిని ఆ దీపం కిందే ఆపించి, తీరిగ్గా వంకాయలు ఏరుకుంటుంది.